వీసీ గారి ఏడాది లెక్క: వాల్తేరు నుంచి కొత్తగూడెం దాకా

ఖమ్మం దగ్గరి ముదిగొండ పేరు బయటివాళ్లకు రెండు రకాలుగా తెలుసు. పత్రికలు చదివేవాళ్లకు 2007 జులై 28 నాటి పోలీసు కాల్పులు గుర్తుకొస్తాయి. భూపోరాటంలో ఆ రోజు ఏడుగురు చనిపోయారు. చరిత్ర చదివేవాళ్లకు ముదిగొండ చాళుక్యులు గుర్తుకొస్తారు. వేంగి చాళుక్యుల అండన కొరవి ప్రాంతాన్ని ఏలిన చిన్న రాజవంశం అది. వాళ్ల కాలపు కొరవి శాసనం తెలుగు వచనంలో దొరికిన తొలినాటి శాసనాల్లో ఒకటి.

శాసనాలు చదివే అలవాటున్నవారికి వాటి నడక తెలుసు. ముందు ప్రశస్తి ఉంటుంది: రాజు ఎవరిని గెలిచాడు, ఎంతటివాడు. తర్వాత దానం: ఏ పొలం, ఎవరికి, తూర్పున ఏ చెట్టు, పడమర ఏ వాగు. ప్రశస్తిలో ఎంత అతిశయోక్తి ఉన్నా ఎవరికీ నష్టం లేదు. దానం దగ్గర మాత్రం హద్దు ఒక్క మూర అటూఇటూ అయినా తగువే.

డిసెంబరు ఆఖరి వారంలో విశ్వవిద్యాలయాల వీసీలు విడుదల చేసే ప్రగతి నివేదికలు చూసినప్పుడల్లా నాకు ఈ రెండు భాగాలే గుర్తుకొస్తాయి. నిజానికి విశ్వవిద్యాలయానికి డిసెంబరులో ఏడాది ముగియదు. డబ్బు లెక్క మార్చి 31న, చదువు లెక్క వేసవిలో ముగుస్తాయి. అయినా కొత్త డైరీ, క్యాలెండర్ ఆవిష్కరణతో పాటు ‘ఈ ఏడాది సాధించినవి, రాబోయే ఏడాది లక్ష్యాలు’ అనే రెండు పేజీలు పత్రికలవాళ్ల చేతిలో పెట్టడం రివాజైంది. వీసీ ఎవరికి లెక్క చెప్పాలో దాన్నిబట్టే ఆ ఏడాది ఏది ఘనతో తేలుతుంది. నూరేళ్లలో మారుతూ వచ్చింది ఆ వినేవాడే.

వందేళ్ల కిందట ఖమ్మం అడవుల అంచున గోదావరి రెండు చదువుల మధ్య సరిహద్దు. ఖమ్మం వైపంతా నిజాం రాజ్యం. భద్రాచలం తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడ్డాక కూడా ఆరేళ్లు అది తూర్పు గోదావరిలోనే ఉండి 1959లో ఇటు కలిసింది. అంటే 1930ల్లో ముదిగొండ పిల్లవాడు డిగ్రీ చదవాలంటే హైదరాబాదు వెళ్లి ఉర్దూలో చదవాలి. భద్రాచలం పిల్లవాడు పడవెక్కి రాజమండ్రి కాలేజీకి దిగి ఇంగ్లీషులో చదవాలి, ఆపైన వాల్తేరు. ఇద్దరూ ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఆ పక్క గూడెంలో వాడికైతే కోయ. హైదరాబాదు, వాల్తేరు విశ్వవిద్యాలయాల్లో దేనికీ తెలుగు గానీ కోయ గానీ బోధనా భాష కాదు.

హైదరాబాదులో ఉస్మానియా పుట్టింది ఫర్మానాతో. అక్బర్ హైదరీ రాసిన వినతి మీద 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉత్తర్వు ఇచ్చారు. ఆ తర్వాత తరగతులు మొదలయ్యాయి. ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పడం ఆనాటికి సాహసమే. దానికోసం అనువాద సంస్థ పెట్టి గణితం నుంచి వైద్యం దాకా పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. అక్కడ లెక్క చెప్పాల్సింది ఒక్క ప్రభువుకు. ప్రభువుకు చూపించడానికి కట్టడాన్ని మించినదేముంటుంది! 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ఇప్పటికీ తెలంగాణలోని ప్రతి విశ్వవిద్యాలయ బ్రోచర్‌కూ రహస్య ఆదర్శం. దానికి ఒక ఏడాది ముందే, 1938లో, వందేమాతరం పాడినందుకు వందల మంది విద్యార్థులను హాస్టళ్ల నుంచీ చదువు నుంచీ వెళ్లగొట్టారు. వాళ్లను చేర్చుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం, అక్కడి వైస్ చాన్సలర్ కేదార్. ఆ ఏడాది ప్రగతిని ఎవరి పద్దులో రాయాలి, హైదరాబాదు పద్దులోనా నాగపూర్ పద్దులోనా?

వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, కథ వేరు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు కొండల మీదికి చేరింది. వ్యవస్థాపక వీసీ కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన లెక్క చెప్పాల్సింది సెనేటుకు, దాతలకు, మద్రాసు ప్రభుత్వానికి. సెనేటు అంటే వకీళ్లు, జమీందార్లు, కాలేజీ ప్రిన్సిపాళ్లు, శాసనసభ్యులు. లేచి నిలబడి అడ్డు ప్రశ్నలు వేయగలవాళ్లు. 1930లో ఉప్పు సత్యాగ్రహంపై సర్కారు సాగించిన దమనకాండకు నిరసనగా కట్టమంచి పదవికి రాజీనామా ఇచ్చారు. ఒక వీసీ తన ఏడాదికి అంతకన్నా సూటిగా ముగింపు రాసిన సందర్భం మన విశ్వవిద్యాలయ చరిత్రలో నాకు కనిపించదు.

1931లో వీసీగా వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఐదేళ్లలో చేసిన పనిని ఒక్క మాటలో చెప్పాలంటే మనుషులను పోగుచేశారు. రసాయనశాస్త్రానికి టి.ఆర్.శేషాద్రి, ఆర్థికశాస్త్రానికి వి.కె.ఆర్.వి.రావు, చరిత్రకు హీరేన్ ముఖర్జీ, ఇంకా హుమాయూన్ కబీర్. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం. వీళ్లలో చాలామందికి అప్పటికి పాతికా ముప్పై ఏళ్లే. వయసు చూసి కాదు, పట్టు చూసి తీసుకున్నారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయలతో సైన్సు కాలేజీ నిలబడింది. 1936లో కట్టమంచి తిరిగి వచ్చి 1949 దాకా నడిపారు. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక తరగతులను గుంటూరుకు మార్చారు, వాల్తేరు భవనాల్లో సైన్యం దిగింది. భవనాలు పోయినా విశ్వవిద్యాలయం పోలేదు, ఎందుకంటే పంతుళ్లు గుంటూరు బండెక్కారు.

స్వాతంత్ర్యం తర్వాత శ్రోత మారాడు. సెనేటు సన్నగిల్లి సచివాలయం లావెక్కింది. ఈ మార్పును అర్థం చేసుకోవడానికి ఒక్క కేసు చాలు. ఉస్మానియాకు డి.ఎస్.రెడ్డి 1957 నుంచి వీసీ. అరవైల నడుమ ప్రభుత్వానికీ ఆయనకూ చెడింది. 1966లో ఉస్మానియా చట్టాన్ని సవరించి, అప్పుడు పదవిలో ఉన్న వీసీ గడువులోగా దిగిపోవాలని 13-ఎ అనే సెక్షన్ చేర్చారు. పేరు రాయకపోయినా ఆ సెక్షన్ ఒక్క మనిషికే వర్తిస్తుంది. సుప్రీంకోర్టు అది సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది, ఆయన 1969 దాకా కొనసాగారు. కోర్టులో వీసీ గెలిచారు గానీ పాఠం మాత్రం తర్వాతి వీసీలందరూ ఇంకోలా నేర్చుకున్నారు: లెక్క ఎవరికి చెప్పాలో తెలిసిపోయింది. 1991లో చాలా విడివిడి చట్టాలు పోయి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం వచ్చాక మూడేళ్ల పదవీకాలం, ప్రభుత్వం నియమించే పాలకమండలి స్థిరపడ్డాయి. వార్షిక నివేదికలు అచ్చవుతూనే ఉన్నాయి. వాటిని పట్టుకుని నిలదీసే సభ మాత్రం లేకుండా పోయింది.

ఖమ్మం జిల్లా ఈ చరిత్రలోకి నేరుగా వచ్చింది 1969లో. పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల మీద రగిలిన అసంతృప్తి, ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్ష, ఆ తర్వాత ఉస్మానియా క్యాంపస్. అలా లేచిన తెలంగాణ ఉద్యమం అణగారాక ఆరు సూత్రాల పథకం, దాని కింద 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. 1967 నుంచి వరంగల్‌లో నడుస్తున్న ఉస్మానియా పీజీ సెంటర్ 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయమైంది. అప్పటి నుంచి ముదిగొండ పిల్లల డిగ్రీ పట్టా మీద కాకతీయ ముద్ర.

కాకతీయ పుట్టుకే ఎమర్జెన్సీ ఉక్కపోతలో. గణితశాఖలో పాఠం చెప్పిన కె.బాలగోపాల్ 1985లో ఉద్యోగం వదిలి పౌరహక్కుల పనిలోకి వెళ్లారు. 1991 నుంచి మూడేళ్లు వీసీగా ఉన్న కొత్తపల్లి జయశంకర్ తర్వాత తెలంగాణ రాష్ట్ర ఉద్యమానికి సిద్ధాంతకర్తగా నిలిచారు. ఈ ఇద్దరి వల్ల కాకతీయకు వచ్చిన పేరును ఏ ప్రమాణాల పట్టికలో నింపుతారు? ‘విస్తరణ కార్యక్రమాలు’ అనే గడిలోనా!

ఇంతలో హైదరాబాదులో ఇంకో తరహా వీసీ కనిపించారు. 1982లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. 1991 నుంచి దానికి అంబేడ్కర్ పేరు. తొలి వీసీ జి.రామిరెడ్డి. ఆయనకు చూపించుకోవడానికి పెద్ద క్యాంపసు లేదు. ఊళ్లలోని కాలేజీల్లోనే ఆదివారాలు అధ్యయన కేంద్రం, తెలుగులో అచ్చయిన పాఠాలు, రేడియో ప్రసంగాలు. ఇంటర్ పాసవ్వకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పెళ్లయి చదువాపేసిన ఆడవాళ్లు, ఆర్టీసీ కండక్టర్లు, పోలీసు కానిస్టేబుళ్లు, సింగరేణి కార్మికులు చేరారు. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు అన్నదే అక్కడ ఏడాది లెక్క అయింది. నా మటుకు నాకు, శాసనంలోని దానం భాగాన్ని గట్టిగా రాయాల్సి వచ్చిన వీసీ ఆయనే. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైతే దాని తొలి వీసీగా ఆయన్నే పిలిచారు.

తొంభైల తర్వాత సంగతి త్వరగానే చెప్పొచ్చు. 1994లో బెంగళూరు కేంద్రంగా, విశ్వవిద్యాలయాలకు గ్రేడ్లు ఇచ్చే నాక్ వచ్చింది. ఏడు ప్రమాణాల కింద ఏటా స్వీయ నివేదిక పంపాలి. 2016లో కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు మొదలయ్యాయి. వీసీ లెక్క చెప్పేది ఇప్పుడు మార్కులు వేసేవాళ్లకు. అందుకే ఏడాది చివరి పత్రంలో అవగాహన ఒప్పందాలెన్ని, సదస్సులెన్ని, పేటెంట్లెన్ని అన్నవి ముందుంటాయి. గ్రేడ్లు తక్కువేం రాలేదు: ఉస్మానియాకు 2017లో, కాకతీయకు 2023లో ఎ ప్లస్. కానీ తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఈ విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపకుల నియామకాలు పెద్దఎత్తున జరగలేదు. రిటైరైనవాళ్ల కుర్చీలు ఖాళీ, తరగతులు కాంట్రాక్టు, పార్ట్‌టైం వాళ్ల మీద. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు శాసనసభలో పాసై గవర్నర్ దగ్గర ఆగింది. రాధాకృష్ణన్ ఐదేళ్లలో చేసింది ఏమిటో గుర్తు తెచ్చుకుంటే ఈ ఖాళీల బరువు తెలుస్తుంది.

నివేదిక రాయడానికి వీసీయే లేని రోజులూ వచ్చాయి. 2019 జులైలో పదవీకాలాలు ముగిస్తే కొత్తవారు వచ్చింది 2021 మేలో. 2024 మేలో మళ్లీ ఖాళీ, అక్టోబరు దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జి వీసీలు. కలెక్టరేట్ నడపడం తెలిసినవాళ్లే, కాదనను. అయితే నాలుగు శాఖల ఫైళ్ల మధ్య విశ్వవిద్యాలయం ఐదో ఫైలు.

ఇదే కాలంలో ముదిగొండ అమ్మాయి చదువు దారి మారింది, వీసీల ప్రమేయం లేకుండానే. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఖమ్మం చుట్టూ ప్రైవేటు కాలేజీలు లేచాయి. 2016 నుంచి డిగ్రీ సీటు దోస్త్ అనే ప్రవేశాల వెబ్‌సైట్‌లో. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు బస్సులో చార్జీ లేదు. రోజూ ఖమ్మం వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే ఆడపిల్లకు ఆ జీరో టికెట్ చేసిన మేలు ఏ నాక్ ప్రమాణంలోనూ పట్టదు. రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు తలుపులు మూసినప్పుడు మాత్రం ఆ టికెట్ ఎందుకూ పనికిరాదు.

ఉమ్మడి ఖమ్మం జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం లేదన్న మాట 2025 దాకా నిజం. బొగ్గు మాత్రం ఉంది. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది, సింగరేణి కంపెనీకి ఆ పేరు 1920లో వచ్చింది. కొత్తగూడెంలో స్కూల్ ఆఫ్ మైన్స్ డెబ్భైల చివర ఉస్మానియా నీడన సింగరేణి సాయంతో నిలిచి, తొంభైల్లో కాకతీయ కిందికి మారింది. గనుల మేనేజర్లను తయారుచేసిన ఈ కాలేజీ దశాబ్దాల పాటు వరంగల్‌వారి నివేదికలో ఒక పేరా. ఆ కాలేజీనే 2025లో భూవిజ్ఞానశాస్త్రాల విశ్వవిద్యాలయంగా మార్చి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు.

గోదావరికి ఎగువన ములుగులో ఇంకొకటి. 2014 విభజన చట్టంలో మాటిచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో గానీ పార్లమెంటు ఆమోదం రాలేదు. సమ్మక్క సారక్క పేరిట, జాకారంలోని తాత్కాలిక భవనంలో తరగతులు మొదలయ్యాయి. మరోవైపు 2014లోనే చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అక్కడి కోయ పిల్లల డిగ్రీ కాలేజీలు ఇప్పుడు రాజమండ్రిలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వైపు చూస్తాయి. పాత సరిహద్దు ఇంకో చోట మళ్లీ లేచింది.

కొత్తగూడెం నుంచి తొలి పూర్తి ఏడాది నివేదిక రావాల్సి ఉంది. ప్రయోగశాలలు, ఒప్పందాలు, దేశంలోనే మొదటిదన్న మాట అందులో ఎలాగూ ఉంటాయి. మంజూరైన అధ్యాపక పోస్టులు, భర్తీ అయినవి పక్కపక్కనే రెండు గడుల్లో వేస్తే చూడాలని నాకుంది. ఓపెన్‌కాస్టు గనుల కింద ఊరు పోయిన కుటుంబాల పిల్లలు ఎందరు చేరారన్నది ఇంకో గడి. మరొకటి కూడా. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనిలోకి దిగనివ్వలేదు, ఆ నిషేధాన్ని కేంద్రం సడలించింది 2019లో. ఆ ఏడాది మైనింగ్ బ్రాంచిలో చేరిన అమ్మాయిలెందరు, వాళ్లకంటే ముందు పాసైనవాళ్లలో ఎందరిని గనిలో దింపే ఉద్యోగంలోకి తీసుకున్నారు అన్నవి నివేదికలో రెండు వరుసలకు మించవు.