ఇంగ్లండ్ కంటే ముందే నంద్యాలలో మహిళా బిషప్.. మరి ఊరి చర్చిలో 'అమ్మగారు' అంటే ఎవరు?

నంద్యాల: చర్చిలో మహిళా గురువులు అనగానే చాలామంది లండన్ వైపు చూస్తారు. కానీ ఈ విషయంలో లండన్ కంటే మన నంద్యాలే ముందుంది. 2013 సెప్టెంబరు చివర్లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల డయాసిస్ బిషప్‌గా అభిషేకం పొందారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ ఆమే. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తొలి మహిళా బిషప్ లిబ్బీ లేన్ వచ్చింది 2015 జనవరిలో!

విచిత్రం ఏంటంటే, ఈ ప్రాంతానికి మిషనరీలను పంపింది ఆ ఇంగ్లండ్ చర్చికి చెందిన ఎస్‌పీజీ సంస్థే. నంద్యాల ఎస్‌పీజీ హైస్కూల్ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆళ్లగడ్డ దగ్గర చాగలమర్రి మండలం ముత్యాలపాడు కూడా ఆ మిషన్‌కు పాత కేంద్రం.

ఇంకో ట్విస్ట్ ఉంది. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లు అందులో చేరలేదు. బిషప్ చేతి అభిషేకం లేని గురువులను ఒప్పుకోవాలా వద్దా అన్నది అప్పటి పేచీ. చివరికి 1975లో చేరారు. గురువు ఎవరు కావాలన్న విషయంలో అంత పట్టుదలగా ఉన్న చోటే మహిళ బిషప్ అయ్యారన్నమాట.

అసలు గురువుకు ఉండే అధికారం ఏంటి?

సీఎస్ఐలో డీకన్, ప్రెస్బిటర్, బిషప్ అని మూడు మెట్లు. ప్రసంగం ఎవరైనా చెప్పొచ్చు. ప్రభు భోజన సంస్కారం నడిపించాలంటే మాత్రం ప్రెస్బిటర్ కావాల్సిందే. పెళ్లి విషయంలో చట్టబలం కూడా ఉంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్ చేత అభిషేకం పొందిన గురువు విడిగా లైసెన్స్ లేకుండానే పెళ్లి జరిపించవచ్చు. అంటే మహిళా గురువు రిజిస్టర్‌లో పెట్టే సంతకానికి మగ గురువు సంతకానికి ఉన్నంత విలువా ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. మన ఊళ్లలో పాస్టర్‌ను 'అయ్యగారు' అంటారు. 'అమ్మగారు' అంటే పాస్టర్ భార్య. మరి మహిళే పాస్టర్ అయితే? ఆమెనూ అమ్మగారనే పిలుస్తారు. దాంతో కొత్తగా వచ్చినవాళ్లు "అయ్యగారు లేరా అమ్మా?" అని అడుగుతారు. చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, పెళ్లికో సమాధి కార్యక్రమానికో కబురు వచ్చినప్పుడు ఈ మాటే అడ్డం పడుతుంది.

నెలసరి రోజుల్లో ఆమె సంస్కారం ఇవ్వొచ్చా అన్న గుసగుసలూ ఉంటాయి. చర్చి నియమాల్లో అలాంటి నిషేధమేమీ లేదు. అది మన ఇళ్లలోని అలవాటు చర్చిలోకి నడిచొచ్చింది, అంతే. కొరింథీయులకు, తిమోతికి పౌలు రాసిన పత్రికలను చూపించి వద్దనేవాళ్లూ ఉన్నారు. రోమా పత్రిక చివర్లో అదే పౌలు ఫీబేను, యూనీయను మెచ్చుకున్నాడని అవతలివాళ్ల జవాబు.

పని భారం సంగతికొస్తే, పల్లె పాస్టరేట్ అంటే ఒక్క చర్చి కాదు. చుట్టుపక్కల ఊళ్ల సంఘాలన్నీ చూసుకోవాలి. రాత్రి ప్రార్థన అయ్యాక తిరుగు బస్సు ఉండదు. బదిలీ వస్తే భర్త ఉద్యోగం, పిల్లల చదువు ఏం కావాలి? మగ పాస్టర్ వెంట కుటుంబం కదులుతుంది. మహిళా పాస్టర్ వెంట కదలడం అంత తేలిక కాదు.

అయితే ఆమెకు తెరుచుకునే తలుపులు కూడా ఉన్నాయి. మిషన్ రోజుల్లో 'బైబిల్ ఉమెన్' ఇంటింటికీ తిరిగి, మగవాళ్లు అడుగుపెట్టలేని వంటగదుల దాకా వెళ్లేవారు. ఇవాళ భర్త కొడుతున్నాడనో, అప్పుల గొడవనో చెప్పుకోవాలంటే ఆడవాళ్లకు మహిళా గురువు దగ్గరే నోరు పెగులుతుంది. తేడా ఏంటంటే బైబిల్ ఉమెన్‌కు అభిషేకం లేదు, ఈమెకు ఉంది. చదువుకునే దారీ ఉంది. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో సెరంపూర్ అనుబంధ బీడీ కోర్సు చేయొచ్చు.

అన్ని సంఘాల్లో ఇలా లేదు. మహిళలకు గురుత్వం ఇచ్చే అధికారం చర్చికి లేదని 1994లోనే పోప్ జాన్‌పాల్-2 తేల్చేశారు కాబట్టి కాథలిక్కుల్లో దారి మూసుకుపోయింది. ఆంగ్లికన్లలో మాత్రం 2025 అక్టోబరు 3న సారా ములల్లీని ఏకంగా కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌గా ప్రకటించారు.

ఇక నంద్యాలలో మళ్లీ మహిళా బిషప్ వస్తారా? సీఎస్ఐ పద్ధతిలో ముందు డయాసిస్ కౌన్సిల్ ఓటేసి పేర్ల ప్యానెల్ పంపుతుంది. అందులోంచి సినాడ్ స్థాయిలో ఒకరిని ఎంపిక చేస్తారు. కౌన్సిల్‌కు ప్రతినిధులు పాస్టరేట్ల నుంచే వెళ్తారు. ఆళ్లగడ్డ లాంటి చోట్ల నుంచి ఎంతమంది ఆడవాళ్లు వెళ్తున్నారన్నదే ముందు చూడాల్సిన లెక్క.