నోటో తీరం: ఉప్పు కోసం బియ్యం అప్పు

జపాన్ ప్రధాన ద్వీపానికి పడమటి ఒడ్డున, సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ద్వీపకల్పం నోటో. టోక్యో, క్యోటో చూసి తిరుగు విమానం ఎక్కే మనవాళ్లకు ఈ పేరే తెలియదు. సామాన్యుల జపాన్ చరిత్ర కావాలంటే మాత్రం సమురాయ్ కోటలకన్నా ఇక్కడి ఉప్పుమళ్లే ఎక్కువ చెబుతాయి.

మన ఆంధ్ర తీరంలోని చినగంజాంలో ఉప్పుమడికి నీళ్లు పెడితే మిగతా పని ఎండ చూసుకుంటుంది. నోటోలో ఆ పప్పులు ఉడకవు. వానలెక్కువ, తేమెక్కువ. పైగా జపాన్ సముద్రంలో ఆటుపోట్లు అంతంత మాత్రం కాబట్టి నీరు దానంతట అది మళ్లలోకి రాదు. కావిళ్లతో మోసుకొచ్చి, బంకమట్టి మడి మీద పరిచిన ఇసుకపై చల్లుతారు. ఎండిన ఇసుకను తొట్టిలో పోసి, మళ్లీ సముద్రపు నీటితోనే కడుగుతారు. దిగిన చిక్కటి ఉప్పునీటిని కట్టెల మంట మీద గంటల తరబడి మరిగిస్తారు. దీని పేరు అగెహామా. నీళ్లు మోయడం రావడానికి మూడేళ్లు, చల్లడం రావడానికి పదేళ్లు పడుతుందని అక్కడి మాట.

ఇంత కష్టం ఎందుకంటే, కొండలు ఒడ్డుదాకా దిగిన ఆ చోట వరి పండే నేల తక్కువ. కానజావా నుంచి ఏలిన మయెదా ప్రభువులు 17వ శతాబ్దంలో ఈ అవసరాన్ని కనిపెట్టారు. బియ్యం అప్పుగా ఇచ్చి, బాకీ ఉప్పుతో రాబట్టుకున్నారు. పైకి ఆదరువు, లోపల గుత్తాధిపత్యం. 1905లో, రష్యాతో యుద్ధ సమయంలో, జపాన్ ప్రభుత్వమే ఉప్పును గుప్పిట పట్టి 1997 దాకా వదల్లేదు. ఉప్పు సత్యాగ్రహం చేసిన దేశానికి ఈ కథ కొత్తేమీ కాదు.

ఉప్పున్న చోట ఊరబెట్టే విద్య పుడుతుంది. స్క్విడ్ పేగులనో కవళ్లనో ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసే రసం ఇషిరు. ఘాటైన వాసన. వంకాయలు ఉడికేటప్పుడు కాస్త పోస్తే కూర రుచే మారిపోతుంది.

నోటోలోనే ఉన్న వాజిమా పట్టణానిది మరో ప్రత్యేకత. చెక్క గిన్నె అంచులకు గుడ్డ అతికి, కాల్చిన మట్టి పొడి కలిపిన ఉరుషి చెట్టు పాలను పొరలు పొరలుగా పూస్తారు. పూతల కింద కనబడని ఆ మట్టే గిన్నెకు గట్టిదనం. సరుకు ఓడల మీద ఈ గిన్నెలు దేశమంతా తిరిగాయి.

2024 జనవరి 1న 7.6 తీవ్రతతో వచ్చిన భూకంపం వెంట రేగిన మంటలు వాజిమాలో పేరున్న ఉదయపు సంత వీధిని బూడిద చేశాయి. కొన్నిచోట్ల తీరం సుమారు నాలుగు మీటర్లు పైకి లేచి, రేవులు ఎండిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో వరద. అయినా సంత వర్తకులు వేరే ఊళ్లకు వెళ్లి అంగళ్లు పెట్టారు. జపాన్ వచ్చే తెలుగువాళ్లు కానజావా దాకా బుల్లెట్ రైల్లో వెళ్లి, కనీసం ఒక ఉప్పు పొట్లమైనా నోటోవాళ్ల దగ్గర కొనండి.