గేర్‌బాక్సు అంకెకు పూచీ ఎవరిది?

ట్రాక్టరు వెనక తగిలించి తుప్పలు నరికే యంత్రం కొనబోయే రైతుకు రెండు అంకెలు ఎదురవుతాయి. ట్రాక్టరు హార్స్‌పవర్ ఒకటి, ఆ యంత్రం నడుమ కూర్చున్న గేర్‌బాక్సుకు తయారీదారు ఇచ్చే హార్స్‌పవర్ రెండోది. మొదటిదానికన్నా రెండోది ఎక్కువుంటే చాలని అమ్మేవారూ కొనేవారూ సరిపెట్టుకుంటారు. మన పల్లెల్లో బ్రష్ కట్టర్ అంటే భుజాన వేసుకునే చిన్న యంత్రమే కాబట్టి ముందే చెప్పాలి, ఇక్కడి ప్రస్తావన అమెరికాలో పచ్చిక బీళ్లనూ రోడ్డు అంచులనూ శుభ్రం చేసే ట్రాక్టరు పనిముట్టు గురించి. దాని చరిత్ర చూస్తే ఆ రెండు అంకెలకూ కొలమానం పేరు ఒకటేగానీ పుట్టుక వేరని తెలుస్తుంది. మొదటిది నూరేళ్ల కిందట చట్టం నిలదీస్తే దారికొచ్చిన అంకె. రెండోది నేటికీ చాలావరకు తయారీదారు నోటిమాట. అందుకే వాటిని పక్కపక్కన పెట్టి పెద్దదేదో చూసినంత మాత్రాన పోలిక పూర్తికాదు.

మొదటి అంకె కథ నెబ్రాస్కా రాష్ట్రంలో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ట్రాక్టరు కంపెనీలు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేచాయి. మినియాపోలిస్‌లో ఒక కంపెనీ అయితే ఫోర్డ్ అనే ఇంటిపేరున్న మనిషిని చేర్చుకుని ఫోర్డ్ ట్రాక్టరు పేరుతోనే సరుకు అమ్మింది. కారు ఫోర్డ్‌కు దానితో ఏ సంబంధమూ లేదు. ఆ బండి కొని దెబ్బతిన్నవారిలో పోల్క్ కౌంటీ రైతు విల్మాట్ క్రోజియర్ ఒకరు. ఆయన తర్వాత రాష్ట్ర శాసనసభకు వెళ్లి, సెనేటర్ చార్లెస్ వార్నర్‌తో కలిసి 1919లో ట్రాక్టరు పరీక్షల చట్టం తెచ్చారు. రాష్ట్రంలో అమ్మే ప్రతి మోడల్‌నూ లింకన్‌లోని విశ్వవిద్యాలయంలో పరీక్షించాలి, ఫలితం బయటపెట్టాలి, విడిభాగాలు దొరికే ఏర్పాటు ఉండాలి. 1920లో వాటర్లూ బాయ్ మోడల్ ఎన్ మొదటి పరీక్ష నెగ్గింది. అప్పట్లో బళ్లకు 12-25, 15-30 అని జంట అంకెలుండేవి. మొదటిది లాగుడు దగ్గర దక్కే శక్తి, రెండోది కప్పీకి బెల్టు వేసి నూర్పిడి యంత్రం తిప్పితే దక్కే శక్తి. ఇంజన్‌లో పుట్టిన శక్తి అంతా పనికి చేరదని, ఎక్కడ కొలిచామో చెప్పకుండా హార్స్‌పవర్ మాట ఎత్తకూడదని ఆ జంట అంకెలే ఒప్పుకుంటున్నాయి. ఈ మర్యాద తర్వాతి కాలపు ప్రకటనల్లో పలచబడటం విచారకరం.

చట్టం ట్రాక్టరును పట్టుకుంది, వెనక కట్టే పనిముట్టును పట్టుకోలేదు. అప్పటికి ఆ అవసరం పెద్దగా కనిపించలేదు కూడా, ఎందుకంటే పనిముట్లలో ఎక్కువ భాగం లాగేవే. ఇంజన్ శక్తిని ఇరుసు ద్వారా నేరుగా పనిముట్టుకు అందించే పీటీవో అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. ఫ్రాన్స్‌లో అల్బర్ గూజి అనే ఆయన 1906 ప్రాంతంలో అలాంటి ఏర్పాటుతో కోత యంత్రం నడిపాడు. దాన్ని గమనించిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1918లో తన 8-16 ట్రాక్టరుకు పీటీవో పెట్టింది. ఆ కంపెనీయే ట్రాక్టరూ చేసేది, కోత యంత్రమూ చేసేది. ఏది దేనికి సరిపోతుందన్నది వాళ్ల ఇంటి లెక్క. 1927లో అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం పీటీవోకు ప్రమాణం రాసింది. నిమిషానికి 536 చుట్లు, అటూ ఇటూ పది. కొంతకాలానికి అది 540 అయింది. ఆ ఒక్క అంకెతో ఎవరి పనిముట్టునైనా ఎవరి ట్రాక్టరుకైనా తగిలించే వెసులుబాటు దొరికింది. ఇరుసు లావు కుదిరింది, దాని గాళ్ల లెక్క కుదిరింది, వేగమూ తిరిగే దిశా కుదిరాయి. కుదరనిది తట్టుకునే సత్తా ఒక్కటే. 25 హార్స్‌పవర్ బండికైనా 75 హార్స్‌పవర్ బండికైనా 540 చుట్ల పీటీవోకు ఒకే లావు ఇరుసు, అవే ఆరు గాళ్లు. చూడ్డానికి అన్నీ అన్నింటికీ సరిపోతాయి. గేర్‌బాక్సు ఎంత శక్తికి తగినదన్న ప్రశ్న ఈ సౌలభ్యం నుంచే పుట్టింది.

ఇంతటి సౌలభ్యాన్ని బాగా వాడుకున్న పనిముట్టు అలబామాలోని సెల్మాలో తయారైంది. 1965 ఓటుహక్కు ఊరేగింపుతో మనకు తెలిసిన ఊరే అది. చుట్టూ నల్లరేగడి నేల, ఒకప్పుడు పత్తి సీమ. పత్తికాయ ముక్కుపురుగు దెబ్బకు పత్తి తగ్గి, పొలాలు పశువుల బీళ్లుగా మారుతున్న కాలం. బీడు నాలుగేళ్లు వదిలేస్తే తుప్ప ఎక్కుతుంది. గడ్డి కోసే కత్తెర పట్టీలు వేలి లావు కొమ్మ తగిలితే మొరాయిస్తాయి. 1951లో సెల్మాలో మొదలైన బుష్ హాగ్ కంపెనీ యంత్రం మరో పద్ధతిలో పనిచేసేది. పీటీవో తిప్పుడును గేర్‌బాక్సు లంబంగా కిందికి మళ్లిస్తుంది, వేగాన్ని పెంచుతుంది. కింద అడ్డంగా తిరిగే బరువైన బద్దలు కొమ్మను కత్తిరించవు, కొట్టి విరుస్తాయి. 5 అడుగుల వెడల్పు యంత్రంలో బద్ద నిమిషానికి 800 సార్లు తిరిగితే దాని కొస గంటకు దాదాపు 230 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. బద్దలను గట్టిగా బిగించరు. ఒక మేకు మీద వేలాడదీస్తారు, మోడు తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. కింద పళ్లెంలాంటి దిమ్మ మోడు మీదుగా జారిపోతుంది. దెబ్బ తినడం ఈ యంత్రానికి ప్రమాదవశాత్తూ జరిగేది కాదు, రోజువారీ పని. నిలకడగా నీళ్లు తోడే పంపుకూ దీనికీ ఒకే కొలతతో హార్స్‌పవర్ చెప్పడంలో ఉన్న చిక్కు ఇదే.

అయినా తొలి యంత్రాలు మొండిగా నిలిచాయంటే, అందులో తయారీదారు నేర్పుతో పాటు ట్రాక్టరు బలహీనతకూ వాటా ఉందని నా వాదన. 1947 నుంచి 1952 దాకా అయిదు లక్షలకు పైగా తయారైన ఫోర్డ్ 8ఎన్ లాంటి బళ్ల శక్తి పాతిక హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. యంత్రం మరీ లావు మొద్దుకు తగిలితే గేర్ల పళ్లు విరగకముందే ఇంజన్ ఆగిపోయేది. ఇంటి కరెంటుకు ఫ్యూజు ఎలాగో, గేర్‌బాక్సుకు ఆ చిన్న ఇంజన్ అలాగ. తర్వాతి దశాబ్దాల్లో ట్రాక్టర్లు పెరిగాయి, ఫ్యూజు పోయింది. లెక్క చూడండి: 540 చుట్ల దగ్గర 25 హార్స్‌పవర్ అంటే ఇరుసు మీద దాదాపు 330 న్యూటన్ మీటర్ల మెలితిప్పు. 40 హార్స్‌పవర్ అయితే సుమారు 527, 75 అయితే 990 దాకా. పెద్ద ఇంజన్‌కు ఫ్లైవీల్ కూడా పెద్దదే. బద్ద ఆగినా అది వెంటనే ఆగదు, ఇరుసును తోస్తూనే ఉంటుంది. అందుకే 1950ల చివర 1000 చుట్ల పీటీవో వచ్చింది. అదే 40 హార్స్‌పవర్‌ను ఆ వేగంతో పంపితే మెలితిప్పు 285కు దిగుతుంది. వేగం చెప్పని గేర్‌బాక్సు రేటింగ్ సగం మాటే అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 75 హార్స్‌పవర్ ట్రాక్టరు ఎప్పుడూ 75 పంపదు, పని ఎంత అడిగితే అంతే ఇస్తుంది. మోకాలెత్తు గడ్డి కోయడానికి పది పదిహేను చాలు, కాబట్టి పెద్ద బండి వెనక చిన్న గేర్‌బాక్సు కట్టినా నష్టం లేదని అనుభవజ్ఞులు అంటారు. భౌతికశాస్త్రం వారి పక్షానే ఉంది, డ్రైవరు ఎప్పటికీ గడ్డే కోస్తానంటే. చిన్న బండిలో భారం పెరిగితే ఇంజన్ మూలుగుతుంది, నడిపేవాడికి చెవిన పడుతుంది. పెద్ద బండిలో ఆ మూలుగు ఉండదు. గేర్‌బాక్సు సత్తాకు రెట్టింపు భారం పడుతున్నా శబ్దం మారదు, లోపల నూనె మరుగుతుంది. ఇంకో అభ్యంతరం, షియర్ బోల్టు ఉందిగా అని. అతి భారానికి విరిగేలా పెట్టిన మెత్తటి బోల్టు, లేదా జారే క్లచ్, పెద్ద దెబ్బను ఆపుతాయి, నిజమే. బోల్టును విరగనంత భారం రోజూ పడుతుంటే మాత్రం పళ్ల మొదట్లో సన్నటి బీటలు పెరుగుతూనే ఉంటాయి. మాటిమాటికీ విరుగుతోందని విసిగి గట్టి బోల్టు బిగించే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది. అక్కడితో ఆ రక్షణ కథ ముగుస్తుంది. పైగా ఫోర్డ్ ఎన్ వరస బళ్లలో చిక్కు ఎదురు దిశలోనూ వచ్చింది. క్లచ్ తొక్కినా తిరుగుతున్న బద్దల ఊపు పీటీవో గుండా వెనక్కి పాకి చక్రాలకు చేరి, బండిని ముందుకు తోసేది. దానికి విరుగుడుగా ఒకవైపే పట్టే కప్లర్ వచ్చింది. సత్తా సరిపోల్చుకోవడమన్నది హార్స్‌పవర్ ఒక్కదానితో తేలదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

మరి ట్రాక్టరుకు వచ్చినట్టు గేర్‌బాక్సుకు చట్టం ఎందుకు రాలేదు? ఇంజన్ శక్తిని బ్రేకు పెట్టి కొన్ని గంటల్లో కొలవచ్చు. నెబ్రాస్కా 1959 నుంచి బెల్టు వదిలి పీటీవో దగ్గరే కొలవడం మొదలుపెట్టింది కూడా. ఓర్పును అలా కొలవలేం, యంత్రాన్ని చెడగొట్టేదాకా నడపాలి, ఏ రాళ్ల మీద నడపాలో ఒప్పందం కుదరాలి. అదీగాక మోసపోయిన ట్రాక్టరు రైతుకు పోయింది ఏడాది పంట, విరిగిన గేర్‌బాక్సు వల్ల పోయేది ఒక మరమ్మతు ఖర్చు. శాసనసభను కదిలించడానికి అది చాలదు. మన దేశంలో ఇదే పని చట్టంతో కాకుండా డబ్బుతో కొంత జరిగింది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ, అనంతపురం జిల్లా గార్లదిన్నె లాంటి కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థలు ట్రాక్టర్లతో పాటు పనిముట్లనూ పరీక్షిస్తాయి. రోటవేటర్‌కు సబ్సిడీ రావాలంటే అలాంటి పరీక్ష నివేదిక కావాలి. వాటి ట్రాక్టరు నివేదికల్లో పీటీవో శక్తి విడిగా ఉంటుంది, 50 హార్స్‌పవర్‌గా అమ్మే బండి పీటీవో దగ్గర అంతకన్నా తక్కువే ఇస్తుందని అక్కడ కనిపిస్తుంది. గేర్‌బాక్సుతో పోల్చాల్సింది ఆ తక్కువ అంకెనే. అంతమాత్రాన రెండో అంకెకు సాక్షి దొరికినట్టు కాదు. గంటల లెక్కన సాగే పరీక్షలో తయారీ లోపం బయటపడుతుంది, మూడేళ్లు రాళ్ల చెలకలో తిరిగాక పంటి మొదట్లో వచ్చే బీట బయటపడదు. అది తెలిసేది మెకానిక్కు, మూత విప్పినప్పుడు. అతను చూసింది ఏ నివేదికలోకీ ఎక్కదు.