జాతకం – శీలం – రూపం: రామకథాపాత్రల స్వభావ నిర్ణయం
(లేపాక్షి చిత్రాలు, నిమ్మలకుంట తోలుబొమ్మల నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాస సంగ్రహం: రామకథలోని పాత్రల స్వభావాన్ని వారి జన్మరాశులతో ముడిపెట్టి వివరించే ధోరణి పండితులలోనూ సామాన్యులలోనూ ఉంది. రామజాతకాన్ని చారిత్రక ఆధారంగా గ్రహించి కాలనిర్ణయం చేసిన ప్రయత్నాలూ ఉన్నాయి. జాతకం పాత్రశీలానికి కారణం కాదని, అప్పటికే స్థిరపడిన శీలానికి తరువాత చేర్చిన అలంకారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు దృశ్యకళలు పాత్రను గుర్తుపట్టించే వేరొక పద్ధతిని ఎలా నిలుపుకొన్నాయో చూపుతుంది.

కీలక పదాలు: రామజాతకం, రాశిశీలం, తోలుబొమ్మలాట, లేపాక్షి, నిమ్మలకుంట.

1. ఉపోద్ఘాతం

రాముడిది పునర్వసు నక్షత్రం, కర్కాటక లగ్నం అన్న మాట తెలుగునాట పంచాంగం చూడనివారికి కూడా తెలుసు. శ్రీరామనవమినాడు మధ్యాహ్నవేళ కల్యాణం జరపడంలో ఈ జాతకస్మృతి ఉంది. చైత్రమాసంలో కర్కాటక లగ్నం ఉదయించేది దాదాపు ఆ వేళకే. కల్పనాపాత్రకు జన్మపత్రిక ఉండటం, ఆ పత్రికనుంచి అతని గుణాలను చదవటం సాహిత్య విద్యార్థి ప్రత్యేకంగా పరిశీలించవలసిన విషయం. పాత్ర ముందా, జాతకం ముందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. బాలకాండలోని గ్రహస్థితి

దక్షిణాది పాఠం ప్రకారం రాముడు చైత్ర శుద్ధ నవమినాడు, పునర్వసు నక్షత్రంలో, గురుచంద్రులు లగ్నంలో ఉండగా, అయిదు గ్రహాలు ఉచ్చలో ఉండగా జన్మించాడు. భరతునిది పుష్యమి, మీనలగ్నం. లక్ష్మణ శత్రుఘ్నులది ఆశ్లేష, కర్కాటక లగ్నం.

ఈ వివరాలను గణితంతో సరిచూస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. చంద్రుడు ఇక్కడ కర్కాటకంలో ఉన్నాడు కనుక ఉచ్చలో లేడు. బుధుడు కన్యలో ఉచ్చ పొందాలంటే సూర్యుడు ఆ సమీపంలోనే ఉండాలి. చైత్రంలో అది కుదరదు. కాబట్టి మిగిలిన అయిదింటిలో సూర్యుడు తప్పనిసరిగా చేరాలి, అంటే మేషంలో ఉండాలి. నవమి తిథి కావాలంటే సూర్యునికంటే చంద్రుడు 96 నుంచి 108 డిగ్రీల ముందుండాలి. కర్కాటకంలో పునర్వసు పాదం 90 డిగ్రీలనుంచి 93 డిగ్రీల 20 కలల వరకే వ్యాపిస్తుంది. అప్పుడు సూర్యుడు మీనంలోనే ఉంటాడు. నవమి, పునర్వసు, కర్కాటక చంద్రుడు, ఉచ్చ సూర్యుడు అనే నాలుగూ ఒకేసారి పొసగవు. ఇది ఆకాశాన్ని చూసి రాసుకొన్న పత్రిక కాదని దీనివల్ల తెలుస్తుంది. ఉత్తమ పురుషునికి ఉత్తమ గ్రహస్థితిని కూర్చిన కవిభావన ఇది.

పాఠచరిత్ర కూడా దీనికి అనుకూలంగానే ఉంది. బరోడానుంచి 1960లో వెలువడిన బాలకాండ పరిశోధిత ప్రతి ఈ గ్రహస్థితి శ్లోకాలను మూలపాఠంలోకి గ్రహించలేదు. నక్షత్రగణన వేదకాలం నాటిది కాగా, ద్వాదశ రాశుల ఆధారంగా జాతకం చెప్పే పద్ధతి క్రీస్తుశకారంభ శతాబ్దాలలో యవన సంపర్కంతో ఇక్కడ స్థిరపడింది. హోర, కేంద్రం వంటి మాటలు ఆ సంపర్కానికి నేటికీ సాక్ష్యాలు.

3. ఒకే రాశి, నాలుగు శీలాలు

పునర్వసు చివరి పాదం, పుష్యమి, ఆశ్లేష – ఇవన్నీ కర్కాటక రాశిలోనివే. అంటే నలుగురు అన్నదమ్ములదీ ఒకే జన్మరాశి. రామలక్ష్మణులకు లగ్నం కూడా ఒకటే. అయినా అడవికి వెళ్లమన్న మాట విని రాముడు నిశ్చలంగా నిలిస్తే లక్ష్మణుడు విల్లు అందుకుంటాడు. లక్ష్మణ శత్రుఘ్నులు కవలలు. నక్షత్రం, లగ్నం రెండూ సమానమే. అయినా కథలో ఒకరిది నిరంతర సాన్నిధ్యం, మరొకరిది దాదాపు మౌనం. రామాయణ కవి నలుగురిని వేరుచేసింది మాటలతో, నిర్ణయాలతో, కష్టకాలంలోని ప్రవర్తనతో. రాశి ఆ పని చేయలేదు.

వరాహమిహిరుని బృహజ్జాతకంలోని రాశిశీలాధ్యాయం ఇక్కడ ఉపకరిస్తుంది. కర్కాటకంలో చంద్రుడున్నవాడు వేగంగా, వంకరగా నడుస్తాడని, స్త్రీకి లోబడతాడని, పొట్టివాడని, లావుపాటి మెడ కలవాడని ఆ గ్రంథం చెబుతుంది. మంచి మిత్రులు కలవాడని, అతని సంపద చంద్రునిలా పెరిగి తరుగుతుందని కూడా అంటుంది. గుహుడు, సుగ్రీవుడు, విభీషణుడు గుర్తుకు వస్తే మిత్రుల మాట కుదురుతుంది. రాజ్యం పోయి తిరిగి రావడం సంపద మాటకు సరిపోతుంది. ఆజానుబాహువైన రాముని విషయంలో పొట్టితనం కుదరదు. రాశితో పాత్రను పోల్చే పద్ధతి కుదిరినవాటిని ఏరుకొని కుదరనివాటిని విడిచిపెడుతుంది. పాత్ర మనకు ముందే తెలిసి ఉండటంవల్లనే ఆ ఏరివేత సాధ్యమవుతున్నది.

4. గోడమీద, తెరమీద

పాత్రను గుర్తుపట్టించే మరొక శాస్త్రం నేటి శ్రీసత్యసాయి జిల్లాలో సజీవంగా ఉంది. హిందూపురం సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల కాలానిది (1529–1542). పెనుకొండలో అధికారం నెరపిన విరుపణ్ణ దీని నిర్మాణకర్తగా ప్రసిద్ధుడు. ఆలయ పైకప్పు చిత్రాలలో రామపట్టాభిషేకం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం ఉన్నాయి. పక్కవాటుగా తిరిగిన ముఖం, కోసుగా సాగిన కన్ను, నిలుచున్న తీరు, తలపాగా, వస్త్రం ఆయా పాత్రలను చెబుతాయి.

ఈ చిత్రాలకూ తోలుబొమ్మలకూ ఉన్న పోలికను కళాచరిత్రకారులు ప్రస్తావించారు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట ఈ కళకు ప్రధాన కేంద్రం. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కారం పొందారు. మేకతోలును వెలుతురు ప్రసరించేంత పలుచగా చేసి, బొమ్మ గీసి, ఆభరణాలకోసం రంధ్రాలు తొలిచి, రంగులద్దుతారు. తెర వెనుక దీపం వెలిగిన క్షణంలోనే నీలిరంగు మేని రాముడు, పది తలల రావణుడు ప్రేక్షకునికి తెలిసిపోతారు. జన్మపత్రిక చదివే వ్యవధి అక్కడ లేదు. పాత్రశీలం రంగులోకి, ఆకారంలోకి, పాడే గొంతులోకి మారుతుంది.

జుట్టుపోలిగాడు, బంగారక్క వంటి హాస్యపాత్రల విషయం మరింత గమనార్హం. వీరికి పుట్టిన తిథి లేదు, వంశం లేదు, రాశి లేదు. అయినా ప్రేక్షకులకు వీరు చిరపరిచితులు. రామకథ మధ్యలో ప్రవేశించి నిన్నమొన్నటి ఊరి సంగతులు మాట్లాడతారు. వీరి స్వభావం పూర్తిగా మాటతీరులోనే ఉంది. జాతకాన్ని ప్రమాణంగా తీసుకొంటే సాహిత్య చరిత్రలో ఇటువంటి పాత్రలకు చోటే ఉండదు.

5. ఉపసంహారం

రామజాతకం కాలనిర్ణయానికి ఆధారం కాజాలదు. ఒక కాలపు శ్రోతలు తమ ఉత్తమ నాయకుని ఎలా భావించారో తెలిపే సాక్ష్యంగా మాత్రం అది విలువైనది. రాశిఫలం శీలానికి కారణం చెబుతానంటుంది. తోలుబొమ్మ శీలాన్ని కంటికి చూపుతుంది. శ్లోకం గ్రంథంలో భద్రంగా ఉంది. ఆటలు తగ్గి, తోలుపనివారు దీపపు గుమ్మటాలవంటి అలంకార వస్తువుల తయారీవైపు మళ్లిన ఈ రోజుల్లో, ఏ పాత్రకు ఏ రంగు, ఏ కన్ను, ఏ గొంతు అన్న జ్ఞానానికి అంతటి భద్రత లేదు. ఆ లక్షణాలను కళాకారుల నోటినుంచి పాత్రవారీగా నమోదు చేయడం తెలుగు పరిశోధన వెంటనే చేపట్టవలసిన పని.