డబ్బాలో లేని తాత

మా హోసూరు ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున ఒక ఫోటో ఉంది. తాత మోటారు సైకిల్ మీద కూర్చోని ఉంటాడు. మద్రాస్ సాపర్ల పటాలంలో డిస్పాచ్ రైడరుగా ఇటలీ దాకా పోయినానని ఆయన చెప్తా ఉండేవాడు. ఇంట్లో సగం మంది నమ్మలేదు. "అది బుల్లెట్టు. యుద్ధం అయినాక బెంగుళూరులో ఎవరి బండి మీదో కూర్చోని తీయించుకున్నాడు" అని పెదనాయన తేల్చేసినాడు. పతకమన్నా ఉంటే చూపించేవాళ్ళం. ఆ నక్షత్రం బిళ్ళను అవ్వ ఒక కరువు ఏడాది పాత ఇత్తడి కొనేవాడికి వేసేసింది.

ఈ తగాదాను కదిలించింది ఒక ప్లాస్టిక్ బొమ్మల డబ్బా.

జపానులో షిజుఓకా ఊరి టామియా కంపెనీ 1946లో కలప వ్యాపారంతో మొదలైంది. 1961లో వాళ్ళు పాంథర్ ట్యాంకు బొమ్మ చేసినారు. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కదా, వాటికి సరిపడా సైజు పెట్టి తర్వాత లెక్క చూస్తే అసలు ట్యాంకులో 35వ వంతు వచ్చింది. అట్లా బ్యాటరీల పుణ్యాన పుట్టిన 1/35 కొలతే ఈరోజు సైనిక బొమ్మలకు ఊరూరా కొలత అయింది. ఆ లెక్కన ఐదున్నర అడుగుల మనిషి ఐదు సెంటీమీటర్ల లోపే ఉంటాడు.

మోటారు సైకిళ్ళలో పేరున్నది జర్మనీ వాళ్ళ బీఎండబ్ల్యూ ఆర్75. 746 సీసీ ఇంజను, పక్కన తొట్టి, ఆ తొట్టి చక్రానికి కూడా ఇంజను బలం, పైగా రివర్స్ గేరు. బొమ్మగా చూడముచ్చటగా ఉంటుంది, కాదనం. కానీ మా పిల్లలు ముందు అదే కట్టి, "తాత దీని మీదేనా పోయినాడు?" అని అడిగినారు. అవతలి పక్క బండి అని చెప్పాల్సి వచ్చింది.

తర్వాత తెప్పించింది బీఎస్ఏ ఎం20. బర్మింగ్‌హామ్‌లో తయారైన బండి, 496 సీసీ, ఒకే సిలిండరు. యుద్ధకాలంలో లక్షకు పైగా చేసినారు. వైర్‌లెస్ మాట శత్రువు వింటాడు, టెలిఫోను తీగ తెగిపోతుంది. అప్పుడు కాగితం చేతికిచ్చి ఇట్లాంటి బండి మీదే మనిషిని పంపేవాళ్ళు.

ఆ బండి ముందు ఫోర్కు అంటించడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. గొట్టాల ఫోర్కు కాదది, కడ్డీలు కలిపి నడుమ ఒక స్ప్రింగు పెట్టిన గర్డర్ ఫోర్కు. వెనక చక్రానికి స్ప్రింగే లేదు. కుదుపంతా సీటు కింది స్ప్రింగులే ఓర్చుకోవాలి. అవి పట్టకారుతో పట్టుకొని అంటిస్తా ఉంటే, ఫోటో తెమ్మన్నాడు మా తమ్ముడు. భూతద్దం పెట్టి చూసినాం. అదే కడ్డీల ఫోర్కు. వెనక స్ప్రింగు లేదు. హెడ్‌లైటుకు సన్న చీలిక వదిలిన ముసుగు, విమానాలకు కనపడకుండా వేసేది.

1949 నుంచి అమ్మిన 350 బుల్లెట్టుకు ముందర గొట్టాల ఫోర్కు, వెనక స్ప్రింగులు ఉంటాయి. మద్రాసులో దాని కంపెనీ పెట్టింది 1955లో. కాబట్టి ఫోటోలోది బుల్లెట్టు కాదు. పెదనాయన చాలాసేపు చూసి, "ముసుగు మాత్రం నిజమే" అన్నాడు. ఆయన నోట అంత రావడమే ఎక్కువ.

మద్రాస్ సాపర్ల కేంద్రం మాకు దగ్గరే, బెంగుళూరు అల్సూరు చెరువు పక్కన. తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు, మలయాళీలు కలిసిన పటాలం. సైన్యంలో వాళ్ళను తంబీలు అంటారు. 1944లో ఇటలీలో కసినో కొండల మీదికి నాలుగో ఇండియన్ డివిజను సాపర్లు ట్యాంకులు ఎక్కే దారి వేసినారు. ఆ దారి కొసన ఒక చోటికి మద్రాస్ సర్కస్ అని పేరు. తాత "సర్కస్ దగ్గర బురద" అంటే మేము చిన్నప్పుడు ఏనుగులు, కోతులు అనుకొని నవ్వేవాళ్ళం. ఆయన కూడా నవ్వేవాడు, విడమరిచి చెప్పలేదు.

మేము కొన్న డబ్బాలో ఉన్నది తెల్ల మిలిటరీ పోలీసులు. ఒక బొమ్మ టోపీ గీకేసి, ఇనుప హెల్మెట్టు పెట్టి, ముఖానికి గోధుమరంగు మూడు సార్లు కలిపినాం. మొదటిది మరీ ఎర్రగా, రెండోది మరీ నల్లగా వచ్చింది. మూడోది చూసి అత్త "మీసం ఏదిరా?" అన్నది. సన్న కుంచెతో మీసం కూడా పెట్టినాం. ఫోటో ఇప్పుడు ట్రంకుపెట్టెలో లేదు, గోడ మీద ఉంది. బండి దాని కింది గూట్లో.