వ్యక్తిగత కంప్యూటర్ భవిష్యత్తుపై అంచనాలు: చరిత్ర

ఒక మనిషి తన సొంత పనులకు వాడుకునే కంప్యూటర్ ఎలా ఉండబోతుంది, ఎంత ధర పలుకుతుంది, ఎవరి చేతికి వస్తుంది, దేనికి పనికొస్తుంది అన్న విషయాలపై శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, రచయితలు, వ్యాపారులు వేర్వేరు కాలాల్లో వెలిబుచ్చిన అభిప్రాయాల చరిత్ర ఇది. యంత్రం పుట్టకముందే ఈ అంచనాలు మొదలయ్యాయి. కొన్ని పూర్తిగా తప్పాయి, కొన్ని ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా వచ్చాయి. మరికొన్నిటిని చదివినవారు అక్కడితో ఆగక, వాటిని నిజం చేసే పనికి పూనుకున్నారు. నేటి కంప్యూటర్ రూపురేఖలు చాలావరకు ఈ చివరి రకం అంచనాల ఫలితమే.

పూర్వరంగం

చార్లెస్ బాబేజ్ తలపెట్టిన గణన యంత్రంపై అడా లవ్‌లేస్ 1843లో వివరణలు ప్రచురించింది. అలాంటి యంత్రం అంకెలతోనే కాక సంగీత స్వరాలతోనూ పని చేయగలదని వాటిలో ఊహించింది. 1909లో ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన ‘ద మెషీన్ స్టాప్స్’ కథలో మనుషులు ఎవరి గదిలో వారు ఉండి యంత్రం ద్వారానే మాట్లాడుకుంటారు.

మెమెక్స్

అసలు చరిత్ర 1945 జూలైలో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా శాస్త్ర పరిశోధనకు సారథ్యం వహించిన వన్నెవార్ బుష్ ఆ నెల ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ‘యాజ్ వి మే థింక్’ అనే వ్యాసం రాశాడు. పరిశోధనలు గుట్టలుగా పెరిగిపోతున్నాయి, కావలసినది వెతికి పట్టుకోవడం కష్టమవుతోంది అన్నది ఆయన ఆందోళన. దానికి విరుగుడుగా ‘మెమెక్స్’ అనే రాతబల్లను ఊహించాడు. పుస్తకాలు, ఉత్తరాలు, కాగితాలు మైక్రోఫిల్మ్ రూపంలో బల్లలోనే ఉంటాయి. మీటలు నొక్కితే పైనున్న తెరలపై కనిపిస్తాయి. ఒక పుటను మరో పుటతో ముడివేసి, ఆ దారిని దాచుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. మెమెక్స్‌ను ఎవరూ తయారు చేయలేదు. కానీ ఆ ముడివేసే ఆలోచనే తరవాత హైపర్‌టెక్స్ట్‌కు మూలమైంది.

1946లో మరే లైన్‌స్టర్ రాసిన ‘ఎ లాజిక్ నేమ్డ్ జో’ కథలో ప్రతి ఇంటిలో తెర, మీటలు ఉన్న ఒక పెట్టె ఉంటుంది. వార్తలు, వాతావరణం, అడిగిన ప్రశ్నకు జవాబు అన్నీ అందులోనే వస్తాయి. ఆనాటి ఇంజనీర్ల ఊహ ఇంత దూరం పోలేదు. 18,000 వాక్యూమ్ ట్యూబులతో 30 టన్నులు తూగే ఎనియాక్ కంప్యూటర్‌ను చూసిన ‘పాపులర్ మెకానిక్స్’ పత్రిక, భవిష్యత్తు కంప్యూటర్‌లో 1,000 ట్యూబులే ఉండి బరువు ఒకటిన్నర టన్నుకు తగ్గవచ్చని 1949లో రాసింది. ట్యూబులకు ప్రత్యామ్నాయమైన ట్రాన్సిస్టర్ అప్పటికే 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కానీ ఆ అంచనా ట్యూబుల లెక్క దాటలేదు.

ఎంగెల్‌బార్ట్, లిక్‌లైడర్

నౌకాదళంలో రాడార్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఫిలిప్పీన్స్‌లో ఉన్నప్పుడు, రెడ్‌క్రాస్ గ్రంథాలయంలో బుష్ వ్యాసం చదివాడు. మనిషి ఆలోచనా శక్తిని పెంచే యంత్రం కావాలన్న పట్టుదల అతనిలో క్రమంగా బలపడింది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో బిల్ ఇంగ్లిష్ తోడుగా 1960ల మధ్యనాటికి చెక్కపెట్టెతో మౌస్ తయారు చేశాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశంలో దాదాపు 90 నిమిషాల పాటు తన పద్ధతిని ప్రదర్శించాడు. మౌస్, తెరపై రాతను దిద్దడం, హైపర్‌టెక్స్ట్, దూరాన మెన్లో పార్క్‌లో ఉన్న సహచరుల ముఖాలు చూస్తూ ఒకే పత్రంపై పనిచేయడం అన్నీ ఆ ఒక్క ప్రదర్శనలోనే ఉన్నాయి. ఈ రంగంలో అంతటి సమగ్రమైన ముందుచూపు మరొకటి కనిపించదు.

జె.సి.ఆర్. లిక్‌లైడర్ 1960లో మనిషి, కంప్యూటర్ కలిసి ఆలోచించే భాగస్వామ్యం గురించి రాశాడు. 1968లో రాబర్ట్ టేలర్‌తో కలిసి రాసిన వ్యాసంలో, ముందుముందు మనుషులు ఊరినిబట్టి కాక ఆసక్తినిబట్టి కంప్యూటర్ల ద్వారా గుంపులు కడతారని చెప్పాడు. మరుసటి సంవత్సరమే దూరదూరాల కంప్యూటర్లను కలిపే అర్పానెట్ పని ప్రారంభించింది. ఎనియాక్ నిర్మాతల్లో ఒకడైన జాన్ మోక్లీ, సాధారణ బాలబాలికలు సైతం సొంత కంప్యూటర్‌ను నేర్పుగా వాడగలరని 1962లోనే అన్నాడు.

మూర్ సూత్రం

గోర్డన్ మూర్ 1965 ఏప్రిల్ 19 నాటి ‘ఎలక్ట్రానిక్స్’ పత్రికలో, ఒక చిప్‌పై పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతూ 1975 నాటికి 65,000కు చేరుతుందని రాశాడు. ఇళ్లలో కంప్యూటర్లు వస్తాయన్న మాట కూడా ఆ వ్యాసంలో ఉంది. 1975లో ఆయనే రెట్టింపయ్యే గడువును రెండేళ్లకు సవరించాడు. చిప్ కంపెనీలు ఈ అంచనాను లక్ష్యంగా పెట్టుకుని తమ పరిశోధనను, పెట్టుబడిని దానికి తగ్గట్టు నడిపాయి. అందువల్లే అది దశాబ్దాలు నిలిచింది. 2005 ప్రాంతంలో వేడి సమస్య వల్ల ప్రాసెసర్ వేగం 3, 4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలిచిపోయింది. అప్పటి నుంచి ఒకే చిప్‌పై ఎక్కువ కోర్‌లు పెట్టే పద్ధతి సాధారణమైంది.

డైనాబుక్

జెరాక్స్ సంస్థ 1970లో కాలిఫోర్నియాలో స్థాపించిన పార్క్ పరిశోధన కేంద్రంలో అలన్ కే 1972లో ‘అన్ని వయసుల పిల్లలకూ ఒక వ్యక్తిగత కంప్యూటర్’ అన్న భావంతో ఒక పత్రం సమర్పించాడు. అందులోని డైనాబుక్ నోటుపుస్తకం అంత ఉంటుంది, 4 పౌండ్లలోపు తూగుతుంది, దాదాపు 500 డాలర్లకు దొరకాలి. పిల్లలు దానిలో చదవాలి, బొమ్మలు వేయాలి, సొంతంగా ప్రోగ్రాములు రాయాలి. గణిత విద్యలో సేమూర్ పాపర్ట్ చేసిన ప్రయోగాలు కేను ఉత్తేజపరిచాయి. ఆనాటి సాంకేతికతతో డైనాబుక్ సాధ్యం కాకపోవడంతో, ఆ దారిలో తొలి మెట్టుగా 1973లో ఆల్టో తయారైంది. తెరపై బొమ్మలు, మౌస్, యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపే ఈథర్‌నెట్ కలిసిన ఆ యంత్రం తరవాతి మాకింటోష్‌కు, విండోస్‌కు దారి చూపింది. డైనాబుక్ ఆకారం, బరువు నేడు ట్యాబ్లెట్లలో నిజమయ్యాయి. పిల్లలే ప్రోగ్రాములు రాస్తారన్న ఆశ మాత్రం చాలా కొద్దిగానే నెరవేరింది.

1974లో ఆర్థర్ సి. క్లార్క్ ఆస్ట్రేలియా టెలివిజన్ విలేఖరితో మాట్లాడుతూ, 2001 నాటికి ప్రతి ఇంటా ఒక చిన్న కంప్యూటర్ ఉంటుందని, బ్యాంకు లెక్కలు, థియేటర్ టికెట్లు దానితోనే చూసుకోవచ్చని, నగరం వదిలి ఎక్కడున్నా పని చేసుకోవచ్చని చెప్పాడు. 1975 జనవరిలో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ ముఖచిత్రంగా వచ్చిన ఆల్టెయిర్ 8800తో వ్యక్తిగత కంప్యూటర్ బజారులోకి అడుగుపెట్టింది.

రాజ్ రెడ్డి, 3ఎం

అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి, కంప్యూటర్ మనిషి మాటను గుర్తించే పరిశోధనలో అగ్రగణ్యుడు. ఆయన, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని ఆయన సహచరులు 1980ల తొలినాళ్లలో 3ఎం ప్రమాణం ప్రతిపాదించారు: ఒక మెగాబైట్ మెమొరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాల వేగం. దానికి పదివేల డాలర్ల ధర మించరాదన్న షరతూ చేరింది. ఆ దశాబ్దపు వర్క్‌స్టేషన్లు ఈ గురి వైపే నడిచాయి. 1994 ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి రెడ్డి అందుకున్నారు. టీవీ, ఫోన్, కంప్యూటర్ ఒకటిగా కలిసి, చదువు రానివారు సైతం వాడగలిగే సాధనానికి 2004లో రూపకల్పన చేశారు. ఆ ఊహ ఆ సాధనంలో కాక స్మార్ట్‌ఫోన్ రూపంలో పల్లెలకు చేరింది.

తప్పిన జోస్యాలు

ప్రపంచానికి ఐదు కంప్యూటర్లు చాలునని 1943లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ అన్నాడన్న ప్రచారానికి ఆధారం లేదు. 640 కిలోబైట్ల మెమొరీ అందరికీ సరిపోతుందన్న మాట తనది కాదని బిల్ గేట్స్ ఖండించాడు. ఇంట్లో కంప్యూటర్ ఎవరికీ అవసరం లేదని డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ అధ్యక్షుడు కెన్ ఓల్సెన్ 1977లో అన్న మాట ప్రసిద్ధం. ఇంటి పనులన్నిటినీ అజమాయిషీ చేసే కంప్యూటర్ గురించే ఆ మాటన్నానని తరవాత ఆయన వివరించాడు. 1969లో నీమన్ మార్కస్ దుకాణాల కేటలాగ్‌లో 10,600 డాలర్లకు వచ్చిన హనీవెల్ వంటింటి కంప్యూటర్ ఒక్కటైనా అమ్ముడైన దాఖలా లేదు. ఇంటర్నెట్ 1996లో కుప్పకూలుతుందని రాసి, అలా జరగకపోతే తన మాటను తానే మింగుతానన్న రాబర్ట్ మెట్‌కాఫ్ 1997లో తన వ్యాసాన్ని నీళ్లలో కలిపి సభాముఖంగా మింగి మాట నిలబెట్టుకున్నాడు. ట్యాబ్లెట్ పీసీ ఐదేళ్లలో అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే కంప్యూటర్ అవుతుందని గేట్స్ 2001లో చెప్పాడు. అది జరగలేదు.

తప్పిన అంచనాల్లో ఒక పోలిక కనిపిస్తుంది. ఆనాటి యంత్రం ధర, పరిమాణం చూసి హద్దులు గీసినవి త్వరగా చెల్లిపోయాయి. మనిషి అవసరం నుంచి బయలుదేరిన బుష్, ఎంగెల్‌బార్ట్, లిక్‌లైడర్, కేల ఊహలు ఆలస్యమైనా నిలిచాయి.

ఇటీవలి కాలం

1991లో పార్క్ శాస్త్రవేత్త మార్క్ వైజర్ ‘సైంటిఫిక్ అమెరికన్’లో, గదికి వందల కొద్దీ కంప్యూటర్లు ఉండి కంటికి ఆనకుండా పనిచేసే కాలం వస్తుందని రాశాడు. 2007లో ఐఫోన్, 2010లో ఐప్యాడ్ వచ్చాయి. తక్కువ ధరకు విద్యార్థులకు ట్యాబ్లెట్ అందించాలన్న భారత ప్రభుత్వ ఆకాశ్ పథకం 2011లో మొదలైంది. దాని తొలి విడత హైదరాబాదులో తయారైంది. మాటలతో పని చేయించుకునే కంప్యూటర్‌ను ఆపిల్ 1987లోనే ‘నాలెడ్జ్ నావిగేటర్’ చిత్రంలో చూపించింది. 2011లో సిరి, 2022లో చాట్‌జీపీటీ రాకతో ఆ ఊహ వాడుకలోకి వచ్చింది.