తీగ మనదే, మ్యాచింగూ మనదే

ఫౌజులో వైర్‌లెస్ సెట్టు మోసినవాళ్ళకి ఏరియల్ విలువ చెప్పనక్కరలేదు. సెట్టు ఎంత మంచిదైనా తీగతో జత కుదరకపోతే పవర్ గాలిలోకి పోదు, వెనక్కి తిరుగుతుంది. ఈ జత కుదర్చడమే మ్యాచింగ్. దీని చరిత్రలో ఇంటి దగ్గర తీగ కట్టుకున్న అమెచ్యూర్ల, అంటే హామ్‌ల, పాత్ర చాలా ఉంది.

1929లో అమెరికా హామ్ లోరెన్ విండమ్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జరిగిన ప్రయోగాల గురించి 'క్యూఎస్‌టీ' పత్రికలో రాశాడు. తీగకు నడుమన కాక కొంచెం పక్కన ఒంటి ఫీడర్ కలిపితే మ్యాచ్ కుదురుతుందని సారాంశం. ప్రయోగాలు వేరేవాళ్ళవి, పేరు మాత్రం విండమ్‌ది నిలిచింది. 1946లో ఇంగ్లండులో లూయీ వార్నీ సుమారు 31 మీటర్ల తీగతో ఒక ఏరియల్ రూపొందించాడు. ఆయన కాల్‌సైన్ జీ5ఆర్‌వీయే దాని పేరైంది.

వాల్వు సెట్లకు పై-నెట్‌వర్క్ నాబులుండేవి. అవి తిప్పి చాలా తీగల్ని దారికి తెచ్చేవారు. ట్రాన్సిస్టర్ సెట్లు మాత్రం 50 ఓమ్‌లే కావాలని మొండికేశాయి. ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉంటే నాలుగో వంతు పవర్ వెనక్కొస్తుంది.

లో-బ్యాండ్‌లో అసలు కష్టం పొడవు. అర తరంగం తీగ 7.1 మెగాహెర్ట్జ్‌కి 20 మీటర్లయితే, 3.6కి 40 మీటర్లు. అంత తీగని ఎత్తున కట్టడం ఇళ్ళ దగ్గర కుదరదు. అయినా నష్టం లేదు. తక్కువ ఎత్తు తీగ సిగ్నల్‌ని నిట్టనిలువుగా పైకి పంపి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దింపుతుంది. కొండలు అడ్డమున్నచోట పల్టన్లకి అక్కరకొచ్చేది ఇదే. నడుమ గడకర్రతో ఎత్తి రెండు చివరలూ కిందికి వంచి కడితే 50 ఓమ్‌లకు దగ్గరపడుతుంది. తీగని ముందు కాస్త పొడవుగానే కోసి, మీటరు చూస్తూ రెండువైపులా సమానంగా తగ్గించుకోవాలి. ట్యూనరు సెట్టుని ఊరడిస్తుందే గాని, కోయాక్స్‌లో పోయే పవర్‌ని ఆపలేదు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్ళిన భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన వేళ, తమవాళ్ళు బతికున్నారో లేదోనని ఎదురుచూస్తున్న కుటుంబాలకి హామ్ సెట్లే కబురు చేర్చాయి.

మన తీరంలో తుపాన్లు కొత్తకాదు. రిటైరై ఊళ్ళకి చేరిన సిగ్నల్స్ మిత్రులు అమెచ్యూర్ లైసెన్సు పరీక్ష రాసి, ఇంటిమీద ఒక తీగ కట్టి, మ్యాచ్ చేసి ఉంచాలని నా మనవి. నేర్చిన విద్య ఊరికి పనికొస్తుంది.